బట్టల క్లిప్పుల ఓడ

నా ఉద్యోగం తప్పులు పట్టడం. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇరవై రెండేళ్లుగా టెస్టింగ్ చేస్తున్నాను. ఇంకొకరు రాసిన ప్రోగ్రాం ఎక్కడ తంతుందో వెతికి, వాళ్లకు చూపించి, వాళ్ల మొహం మాడేలా చేయడం నా పని. ఆ గుణాన్ని ఆఫీసులో వదిలేసి ఇంటికి రావడం నాకు ఏనాడూ చేతకాలేదు. పప్పులో ఉప్పు ఒక రవ్వ తక్కువైనా కనిపెట్టేస్తాను. కనిపెట్టి ఊరుకోను కూడా. మా ఇంట్లో సగం రోజులు వంట మా ఆయనదే. "నీ నాలుకకు గూడా కంపెనీవాళ్లు జీతమిస్తాండారా ఏమి?" అని ఆయన ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు.

అలాంటి నేను ఏడు నెలలపాటు ఉప్పు గురించి పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు తలచుకుంటే నాకే నమ్మకం కలగదు.

వానాకాలంలో ఒక సాయంత్రం మెట్రో స్టేషన్ మెట్లు దిగుతూ జారిపడ్డాను. తప్పు మెట్లది కాదు. ఫోన్‌లో మా టీములో ఒకతన్ని దులిపేస్తూ దిగుతున్నాను, కాళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసుకోలేదు. పడుతూ కుడిచెయ్యి కింద ఆనించాను. మణికట్టు రెండుచోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. కట్టు విప్పిన రోజు ఆ చెయ్యి చూస్తే నాదనిపించలేదు. సన్నబడి, పాలిపోయి, వేళ్లన్నీ బిగుసుకుపోయి ఉంది. బొటనవేలు చూపుడువేలిని తాకదు, మధ్యలో నిమ్మకాయ పట్టేంత సందు. ఎముక బాగానే అతికిందనీ, వేళ్లను మాత్రం ఆర్నెల్లలోపు దారికి తెచ్చుకోవాలనీ, ఆ తర్వాత ఎలా ఉంటే అలాగే ఉండిపోతాయనీ డాక్టరు సూటిగా చెప్పాడు.

ఆఫీసు పని ఎడమచేత్తో నెట్టుకొచ్చాను. మౌస్ అటువైపు మార్చుకున్నాను. జడ మా ఆయన వేసేవారు. వదులుగా, వంకరగా, కానీ ఓపిగ్గా వేసేవారు. అన్నీ ఎలాగోలా సర్దుకున్నాయి, అన్నం ఒక్కటి తప్ప. ఎడమచేత్తో కలుపుకొని తినడానికి నలభై ఎనిమిదేళ్ల పెంపకం ఒప్పుకోలేదు. ఎడమచేత్తో స్పూను పట్టుకొని పప్పన్నం తింటే అది అన్నంలా ఉండేది కాదు, మందు మింగినట్టుండేది. వేళ్లకు వేడి తగలాలి, నెయ్యి అంటాలి, ముద్ద ఎంతుండాలో వేళ్లే చెప్పాలి. ఇంత గొడవా ఒక ముద్ద కోసమా అని ఎవరైనా నవ్వితే నవ్వనీ. నాకు చెయ్యి తిరిగి కావాలనిపించింది ముఖ్యంగా ఆ ముద్ద కోసమే.

ఆఫీసు క్యాంటీన్‌కు వెళ్లడం మానేశాను, తర్వాత ఇంటినుంచే పని చేస్తానని అనుమతి తీసుకున్నాను. పుప్పాలగూడలో మా ఫ్లాట్‌లో కూడా బెడ్‌రూం తలుపు దగ్గరగా వేసుకొని ఒక్కదాన్నే తినేదాన్ని. వండి ఇచ్చింది ఇచ్చినట్టు తిని, "బాగుంది" అని గిన్నె ఖాళీగా తిరిగిచ్చేదాన్ని. సొంత చేత్తో తినలేనిదానికి ఇంకొకరి వంటకు వంక పెట్టే హక్కు ఎక్కడిదని అనిపించేది. మా ఆయన ఖాళీ గిన్నె వంక చూసేవారు, నా వంక చూసేవారు, గిన్నె తీసుకొని వంటింట్లోకి వెళ్లిపోయేవారు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయిది కాకినాడ వైపు. చాలా మర్యాదస్తురాలు, అంతకు మించి మొండిది. గిన్నెలో రాజ్మా, పెసలు కలిపేసి రోజూ అరగంట కుడిచేత్తో ఏరమంది. వారం రోజులు ఏరి, ఎనిమిదో రోజు గిన్నె నెట్టేశాను.

"కోప్పడకండి మేడం. పెసలే ఏరాలని రూలేం లేదండి. వేళ్లతో సన్నగా చేసే పని మీకు నచ్చింది ఏదైనా పెట్టుకోండి. చెయ్యి మాత్రం ఖాళీగా ఉండకూడదండి, అంతే."

ఆ మాట విని మా ఆయన స్టూలు వేసుకొని అటక ఎక్కి ఒక పెట్టె దించారు. ఏడాది చివర మా ఆఫీసులో చీటీలు తీసి ఒకరికొకరు బహుమతులు ఇచ్చుకుంటారు. రెండేళ్ల కిందట నా వంతుకు వచ్చిన పెట్టె అది. చెక్కతో తెరచాప ఓడ తయారుచేసుకునే సామగ్రి. నాది అనంతపురం జిల్లా. మా ఊరి ఏట్లో నీళ్లు పారితే బడికి సెలవిచ్చేవారు, అందరం చూడ్డానికి వెళ్లేవాళ్లం. సముద్రాన్ని పెళ్లయ్యాకే చూశాను. నాకు ఓడ ఇచ్చిన మహానుభావుడెవరో అని అప్పట్లో నవ్వుకొని అటక మీద పడేశాను.

"పెసలు ఏరేదానికంటే ఇది మేలు గదా. చేస్తే చెయ్యి, లేకుంటే మళ్లా పైననే పెడతా" అన్నారు ఆయన.

పెట్టెలో మూరెడు పొడవున్న వెన్నుపట్టీ ఒకటి, దానికి అడ్డంగా గుచ్చాల్సిన పక్కటెముకలు, కట్టలు కట్టిన సన్నని చెక్క పట్టీలు, దారపు ఉండలు, తాళ్లు లాగడానికి వేలి గోరంత కప్పీలు ఉన్నాయి. పక్కటెముకల మీద పట్టీలను ఒకదాని పక్కన ఒకటి అతికించుకుంటూ పోతే ఓడ ఒళ్లు తయారవుతుంది. తయారీ పుస్తకం ఏదో దేశపు భాషలో ఉంది. బొమ్మలు చాలా ఉన్నాయి, ఇంగ్లీషు కాగితం ఒక్కటే ఉంది.

నేను నాకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాను. మా ఆఫీసుల్లో పనిని ముక్కలు చేసుకుంటాం. ఒక ముక్క పూర్తిచేసి, పరీక్షించి, ముగిసిందని గుర్తు పెట్టాకే రెండోది ముట్టుకుంటాం. ఓడకు కూడా ఒక ఎక్సెల్ షీటు తయారుచేశాను. మొదటి రెండు వారాలు ఎడమపక్క పట్టీలు, తర్వాతి రెండు వారాలు కుడిపక్క పట్టీలు. ఎడమపక్కనే మొదట ఎందుకు పెట్టుకున్నానంటే, అది నా ఎడమచేతికి వాటంగా ఉంది. జిగురు రాయడం, పట్టీ అతికించడం, గుండుసూది గుచ్చడం అంతా ఎడమచెయ్యే. కుడిచేతిని ఓడ మీద బరువుగా పెట్టేదాన్ని, కాగితాలు ఎగరకుండా రాయి పెట్టినట్టు. ఫిజియో అమ్మాయి అడిగితే "చేస్తున్నానమ్మా" అని చెప్పేదాన్ని. అది అబద్ధం కూడా కాదు.

పదకొండు పట్టీలూ అతికించాను. షీటులో ఆ వరుసకు ఆకుపచ్చ రంగు కూడా వేశాను. రెండు రోజుల తర్వాత పొద్దున్నే చూస్తే ఓడ అరటిపండులా వంగి ఉంది. బల్లమీద నిలబెడితే పక్కకు దొర్లింది. ముందు కొస ఒకవైపు, వెనక కొస ఇంకోవైపు చూస్తున్నాయి. ఇరవై రెండేళ్లు తప్పులు పట్టిన మనిషిని, నా బల్లమీద నా తప్పు ఇంత లావున పెరుగుతుంటే రెండు వారాలు చూడలేకపోయాను. ఏడుపొచ్చింది. ఓడకోసం కాదు. ఆర్నెల్లలో అప్పటికే మూడు నెలలు గడిచిపోయాయి, చెయ్యి అలాగే ఉంది.

సరిగ్గా అప్పుడే కింది ఫ్లాట్‌లో ప్లైవుడ్ కోసే మిషను మొదలైంది. వారం నుంచి ఆ ఇంట్లో కప్‌బోర్డుల పని జరుగుతోంది. నాకు కోపం తీర్చుకోవడానికి ఒక మనిషి దొరికాడు. దిగి వెళ్లి, పై ఇంట్లో మీటింగులు జరుగుతుంటే ఈ రంపపు మోత ఏమిటని అక్కడున్న మేస్త్రీని కడిగేశాను. యాభై అయిదేళ్లు పైబడిన మనిషి. చెవిలో పెన్సిలు, ఒంటినిండా పొట్టు. తలవంచి అంతా విన్నాడు. మధ్యాహ్నం మా తలుపు తట్టాడు.

"మేడం, మీ మీటింగులు ఏ టైముల ఉంటయో జర కాగితం మీద రాసియ్యుండ్రి. ఆ టైముల మిషను బంద్ వెడ్త."

తిట్టినదాన్ని నేను, మర్యాదగా వచ్చింది అతను. సిగ్గేసింది. లోపలికి రమ్మని కాగితం వెతుకుతుంటే అతని చూపు బల్లమీది ఓడమీద పడింది. అప్పటికే దాన్ని మళ్లీ పెట్టెలో సర్దేస్తున్నాను.

"ఏంది మేడం గిది? ఒక్క దిక్కే అన్ని పట్టీలు వెట్టేసిన్రు?"

"పుస్తకంలో చూసే చేశాను" అన్నాను, పౌరుషంగా.

అతను పుస్తకం తీసుకొని, రెండు పేజీలు తిప్పి, ఒక బొమ్మమీద వేలు పెట్టాడు. ఓడకు ఒకపక్క ఒకటి అంకె, రెండోపక్క రెండు అంకె, మళ్లీ మొదటిపక్క మూడు, మధ్యలో బాణాలు. ఆ బాణాలను నేను చూశాను. అలంకారానికి వేశారనుకున్నాను.

"నాకు సదువు రాదు గని, బొమ్మ సమజైతది. జిగురు ఎండుతుంటే పట్టీ గుంజుతది. ఒక్క దిక్కు నుంచి పదకొండు గుంజుతుంటే గా వెన్నుపట్టీ ఏం జేస్తది పాపం, వంగుతది. గీ దిక్కొకటి, ఆ దిక్కొకటి వెట్టాలె. గప్పుడు సక్కగ నిలవడ్తది."

"ఇప్పుడేం చేయలేం కదా?"

"ఎందుకు చేయలేం? పరేషాన్ గాకుండ్రి. తడిగుడ్డ, ఇస్త్రీపెట్టె ఉన్నయా?"

తడిగుడ్డ కప్పి, ఇస్త్రీపెట్టె ఆనించి, జిగురు మెత్తబడగానే పట్టీలను ఒక్కొక్కటే ఊడదీశాడు. రెండే విరిగాయి. వెన్నుపట్టీని తడిపి, తిన్నని ప్లైవుడ్ ముక్కకు తాళ్లతో బిగించి, వారం రోజులు ముట్టుకోవద్దన్నాడు. వెళ్తూ వెళ్తూ ఊడిన పట్టీ ఒకటి ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. అతను ఈ ఊరివాడే. ఇక్కడ అపార్టుమెంట్లు రాకముందు పాత ఇళ్లకు కట్టెతో దర్వాజలు, అంటే ద్వారబంధాలు, చేసేవాడట. ఇప్పుడంతా ప్లైవుడ్, దానిమీద కాగితంలాంటి షీటు అతికించడం.

"ఏండ్లైంది మేడం, అసలు కట్టె వాసన చూడక" అన్నాడు.

ఆ వారం తర్వాత రోజూ మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బా తినేశాక ఒక అరగంట మా ఇంటికి వచ్చేవాడు. మా ఆయన ఇంట్లో ఉంటే ముగ్గురికీ టీ పెట్టేవారు. మేస్త్రీ మాత్రం పట్టీ ముట్టుకునేవాడు కాదు. "నేను చేస్తే నా ఓడైతది" అనేవాడు. ఓడను గట్టిగా పట్టుకోవడం, చెప్పడం, అంతే అతని పని. పట్టీని వేడినీళ్లలో నానబెట్టి, స్టీలు డబ్బా చుట్టూ వంచి, జిగురు రాసి పక్కటెముకల మీద పెట్టాలి. అది ఎండేదాకా కదలకుండా పట్టడానికి సామాను ఏమైనా తెమ్మంటాడేమో అనుకున్నాను. బాల్కనీలోకి వెళ్లి, దండెం మీద బట్టలకు పెట్టే క్లిప్పులు గుప్పెడు తెచ్చాడు.

ఎడమపక్క మొదటి పట్టీకి ఎడమచేత్తో క్లిప్పులు పెట్టాను. అతను ఓడను తిప్పాడు. "ఇగ గీ దిక్కు" అన్నాడు. నేను కూడా కుర్చీలోంచి లేచి బల్లకు అటుపక్కకు వెళ్లబోయాను, మళ్లీ ఎడమచెయ్యే వాడొచ్చని.

"ఏడికి మేడం? కూసోండ్రి. ఆ చేత్తోని వెట్టుండ్రి."

"ఆ చెయ్యి పనిచేయదు."

"ఏమైంది?"

చున్నీ కింద దాచుకున్న చెయ్యి బయటికి తీసి చూపించాను. జాలిపడలేదు. తన ఎడమచేతి మధ్యవేలు చూపించాడు. దాని కొస లేదు. "మిషన్ల వోయింది. నేను గూడ జేబుల వెట్టుకొని తిరిగిన శాన రోజులు. దాసుకుంటే మిగిలింది గూడ వాయె" అన్నాడు. క్లిప్పు నా ముందు పెట్టాడు.

బట్టల క్లిప్పు తెరవడానికి బొటనవేలితో చూపుడువేలితో నొక్కాలి. జీవితంలో కొన్ని వేలసార్లు చేసి ఉంటాను, ఒక్కసారి కూడా దాని గురించి ఆలోచించలేదు. ఆ రోజు పావుగంట నొక్కాను. క్లిప్పు తెరుచుకోలేదు, జారి కిందపడింది, మళ్లీ తీశాను, మళ్లీ పడింది. చివరకు రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కి తెరిచాను. "గదే, గట్లనే" అన్నాడు. కుడిపక్క పట్టీకి తొమ్మిది క్లిప్పులు కావాలి. తొమ్మిది పెట్టేసరికి అతని అరగంట అయిపోయి, ఇంకో అరగంట గడిచింది. అతను ఒక్కసారి కూడా గడియారం వైపు చూడలేదు. ఆ రుణం నేను తీర్చలేను.

నాలుగో జత దగ్గర నా బుద్ధి మళ్లీ బయటపడింది. క్లిప్పు జారి పట్టీకి తగిలి, పట్టీ ఫటుక్కున విరిగింది. "మీకేం, మీ చేతులు బాగున్నాయి! చెప్పడానికి ఎవరైనా చెప్తారు!" అని అరిచాను. మేస్త్రీ తన టిఫిన్ డబ్బా తీసుకొని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

కోపంగా ఉంది, నామీద నాకే. ఆ రెండు రోజులూ నేనే కూర్చొని చేశాను. ఎడమపక్క ఒకటి, కుడిపక్క ఒకటి. రెండో రోజు కుడిపక్క మూడో క్లిప్పు పెడుతుంటే అది తెరుచుకుంది. అరచేతులతో కాదు, వేళ్లతో. బొటనవేలు, చూపుడువేలు కొసలు ఇంకా కలవడం లేదు కానీ మధ్యలో క్లిప్పు ఉంటే దాన్ని నొక్కగలుగుతున్నాయి. నేను బిగ్గరగా ఏదో అరిచినట్టున్నాను, మా ఆయన వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చారు. మళ్లీ చేసి చూపించాను. ఇంకోసారి చేయమన్నారు. చేశాను.

నేరుగా కింది ఫ్లాటుకు వెళ్లి, పొట్టులో నిలబడి, "అన్నా, తప్పయింది" అన్నాను. మేస్త్రీని 'అన్నా' అని పిలవడం అదే మొదలు.

"నేనేం అనుకోలె చెల్లె. కోపంల మనిషి పని మంచిగ చేస్తది. గందుకే రాలె" అని నవ్వాడు. క్లిప్పు తెరిచి చూపిస్తే చెవిలోంచి పెన్సిలు తీసి ఇచ్చి, "గిది వట్టు" అన్నాడు. పట్టుకున్నాను. గోడకు ఆనించిన ప్లైవుడ్ ముక్కమీద ఒక గీత గీశాను. కుక్క తోకలా వంకరగా వచ్చింది, అయినా గీతే.

ఆ తర్వాత పని సాగింది. పట్టీలు అయ్యాయి, గరుకు కాగితంతో రుద్దడం అయింది. అదీ రెండు చేతులతోనే, రెండు పక్కలా. తర్వాత దారాలు, ముళ్లు. ఫిజియో అమ్మాయి నా వేళ్ల మధ్య సందు కొలిచి, మళ్లీ కొలిచి, "ఏం చేస్తున్నారండి మీరు?" అంది. "ఓడ కడుతున్నాను" అంటే నమ్మలేదు. ఫోన్‌లో ఫొటో చూపించాక, రాజ్మా గిన్నె తీసి పక్కన పెట్టేసింది. నాలో లోపం వెతకకుండా ఏదో ఒక పని పెట్టుకోమని వదిలేసిన ఆ అమ్మాయికి కూడా నేను ఎంతో రుణపడ్డాను.

కింది ఫ్లాటులో పని ముగిసే వారం, ఓడకు తెరచాప కొయ్యలు నిలబెట్టే రోజు వచ్చింది. మేస్త్రీ ముందురోజే చెప్పాడు.

"చెల్లె, దర్వాజ నిలవెట్టిన నాడు ఆ ఇంట్ల అందరం కలిసి బువ్వ తింటం మేం. పని చేసినోడు, ఇంటోళ్లు, ఒక్కతాననే. గిది ఓడనే గని నా లెక్కల దర్వాజనే. రేపు డబ్బా తెచ్చుకోను."

ఆదివారం మధ్యాహ్నం రెండు కొయ్యలూ నిలబెట్టాం. ఓడ ముందు కొసకు గడపకు పెట్టినట్టు పసుపు రాసి, బొట్టు పెట్టాడు. ఓడను బల్ల మధ్యలో ఉంచి మా ఆయన మూడు కంచాలు పెట్టారు. అన్నం, కందిపప్పు, వంకాయ కూర, నెయ్యి. అలవాటుగా నా కంచంలో ఎడమపక్కన స్పూను పెట్టారు.

వేరే మనిషి ముందు కూర్చొని తిని ఏడు నెలలయింది. బెడ్‌రూంలోకి వెళ్లిపోవడానికి ఒక సాకు కూడా సిద్ధంగా ఉంది. కానీ మేస్త్రీ కంచం ముందు కూర్చొని, ముట్టుకోకుండా నాకోసం ఆగి ఉన్నాడు. స్పూను పక్కకు జరిపాను. కుడిచెయ్యి అన్నంలో పెట్టాను. వేడి చురుక్కుమంది. కలపడం సగమే వచ్చింది. మొదటి ముద్ద నోటిదాకా రాకుండానే విడిపోయి కంచంలో పడింది. వాళ్లిద్దరూ మా లిఫ్టు ఎప్పుడు బాగవుతుందనే విషయం మీద చాలా శ్రద్ధగా మాట్లాడుకోసాగారు. రెండో ముద్దను మిగతా వేళ్లను కూడా సాయం తెచ్చుకొని గట్టిగా అదిమాను. అది నోట్లోకి వచ్చింది.

నమిలాను.

"ఉప్పు తక్కువైంది" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు, దానంతటదే వచ్చేసింది. మా ఆయన చెయ్యి కంచం మీద ఆగిపోయింది. నా వంక చూశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"తక్కువే ఏసినా. నాలుగు నెల్ల నుంచి తక్కువే ఏస్తాండా. ఎప్పుడంటావో అని" అన్నారు.

అన్న ఒక్క క్షణం ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "మరి నేనేం పాపం జేసిన సారూ, నా కంచంల గూడ తక్కువేసిన్రు?" అన్నాడు.

ముగ్గురం నవ్వాం. మా ఆయన లేచి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చారు. నా కంచం పక్కన వాడకుండా పడి ఉన్న స్పూను తీసుకొని, దాంతోనే మా అందరికీ ఉప్పు వడ్డించారు.